అటక ఎక్కించిన వస్తువే ముందు పాడవుతుంది

తాతల నాటి వస్తువులను ఇప్పటికీ రోజూ వాడేవాళ్ళు ఉన్నారా, ఉంటే అవి ఇన్నేళ్ళు ఎలా మన్నాయి అని ఒకరు అడిగారు, తమ అటక మీద ఒక కుట్టు మిషను ఉందని కూడా రాశారు. ఉన్నాం. మా ఇంట్లో అలాంటివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి నాకు అన్నం పెడుతోంది. మేముండేది విశాఖపట్నం పెదవాల్తేరులో, సముద్రానికి నడిచి వెళ్ళేంత దగ్గర. ఈ గాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోతాయి, తలుపు గడియలు బిగుసుకుపోతాయి, కొత్త సైకిలు గొలుసు ఒక్క వానాకాలానికే ఎర్రబడుతుంది. ఇలాంటి చోట ఇనుప సామాను రెండు తరాలు దాటడం చిన్న విషయం కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గట్టిగా తయారైన వస్తువు ఎక్కువ కాలం మన్నుతుందని అందరూ అంటారు. అది సగమే నిజం. రోజూ మనిషి చెయ్యి పడటం మిగతా సగం. మా బంధువుల ఇళ్ళలో మావాటికంటే ఖరీదైన వస్తువులను జ్ఞాపకంగా ఉంటాయని పాత దుప్పట్లు చుట్టి అటక ఎక్కించారు. దించి చూస్తే అంతా తుప్పు. సముద్రపు గాలిలో కంటికి కనిపించని ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తేమను పీల్చుకొని కరిగిపోతుంది. మా ఊళ్ళో తెల్లవారుజామున ఆ మాత్రం తేమ ఏడాదిలో చాలా రోజులు ఉండనే ఉంటుంది. ఇనుము మీద ఆ ఉప్పునీటి పొర నిలిస్తే తుప్పు ఆగదు. వాడే వస్తువునైతే తుడుస్తాం, నూనె పెడతాం, కదుపుతాం, కాబట్టి ఉప్పు నిలవదు. దుప్పటి చుట్టి పెట్టిన వస్తువు మీద ఆ చెమ్మ అలాగే ఉండిపోతుంది. దుప్పటి దాన్ని ఆరనివ్వదు కూడా.

నాకు అన్నం పెట్టేది అమ్మ ఇచ్చిన ఉషా కుట్టు మిషను. కాలితో తొక్కేది, నల్లటి పోత ఇనుముది. కలకత్తాలో 1930లలో మొదలైన జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ వారి తయారీ. అమ్మకు పెళ్ళికాక ముందు మా తాతగారు కొన్నారు. అమ్మ దాని మీద మా గౌన్లు, లంగాలు కుట్టింది. నేను జాకెట్లు కుడుతున్నాను, చీరలకు ఫాల్సులు వేస్తున్నాను. దాని ఒంటి మీద బంగారు రంగులో వేసిన తీగలు, పువ్వులు ఉండేవి. బట్ట జారే వైపు అవి పూర్తిగా చెరిగిపోయి నల్లటి నునుపు మిగిలింది. వెనకవైపు మాత్రం ఒక్క గీత కూడా పోకుండా మెరుస్తున్నాయి. బల్ల మీద ఎడమ చెయ్యి ఆనే చోట చెక్క కొద్దిగా గుంటపడింది. అమ్మ చెయ్యి, నా చెయ్యి కలిసి చేసిన గుంట అది. ఆ బల్ల మార్పించమని చాలామంది చెప్పారు, నేను ఒప్పుకోలేదు.

ఈ మిషను ఇంతకాలం నడవడానికి అసలు కారణం దీన్ని ఎవరైనా విప్పగలగడం. ఒక స్క్రూడ్రైవరు ఉంటే చాలు, బట్టను జరిపే పళ్ళ మీది ప్లేటు తీయవచ్చు, కింది దారం ఉండే షటిల్ బయటికి తీయవచ్చు. దారపు నూగు, ధూళి చేరేది అక్కడే. పాత చీర పేలికతో ఆ నూగు తీసేసి ఒక చుక్క నూనె వేస్తే చప్పుడే మారిపోతుంది. కింది పెద్ద చక్రానికీ పై చక్రానికీ మధ్య ఉండే తోలు బెల్టు సాగితే కొంచెం కోసి, ఇనుప కొక్కెం మళ్ళీ గుచ్చి బిగిస్తాను. సూది ఇప్పటికీ ఏ ఫ్యాన్సీ దుకాణంలోనైనా దొరుకుతుంది, ఎందుకంటే ఇళ్ళలో వాడే కొత్త మిషన్లు చాలావాటికి కూడా అదే సూది. పైన ఒకవైపు చదునుగా ఉంటుంది, మామూలు నూలుకు 14 నంబరు, మందపాటి బట్టకు 16, జీన్సుకు 18. కొత్త వస్తువులు కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: విప్పడానికి స్క్రూలు ఉన్నాయా, అంటించేశారా?

నూనె గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మిషనుకు కొబ్బరి నూనె వేయకండి. అది సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, మార్గశిర పుష్య మాసాల్లో పొద్దున్నే మిషను తిరగనని మొరాయిస్తుంది. వంటనూనెలైతే నాళ్ళు గడిచేకొద్దీ జిగురుగా మారి భాగాలను పట్టేస్తాయి. మిషను నూనె అని చిన్న సీసాల్లో అమ్మేది పల్చగా, రంగు లేకుండా ఉంటుంది. అదే వేయాలి. మా మిషను బాగుచేసే పెద్దాయన వచ్చినప్పుడల్లా అనేది ఒకటే మాట: "తుడిచి దాచుకోవడం కాదమ్మా, తొక్కండి." ఆయన చేతుల్లో ఎన్ని మిషన్లు బతికాయో!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద పడింది. చెట్లు, స్తంభాలు కూలి కరెంటు పోయింది. పాలు, నీళ్ళు దొరకడమే గగనమైంది. ఆ నెల 23న దీపావళి. పండక్కి ఇవ్వాల్సిన జాకెట్లు నా దగ్గర ఉన్నాయి. మిషను కిటికీ దగ్గరికి జరుపుకొని పగటి వెలుతురులో అన్నీ కుట్టి ఇచ్చాను. మోటారు మిషన్లున్న నా తోటి టైలర్లు కొందరు కరెంటు వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. వాళ్ళ బట్టలు కూడా కొన్ని నేనే పూర్తిచేశాను.

వంటింట్లో రోజూ పొయ్యి ఎక్కేది అత్తగారి ఇనుప పెనం. పొద్దున మినపట్టు, ఆదివారం పెసరట్టు దాని మీదే. బాగా కాగిన నూనె ఇనుము మీద గట్టిపడి నల్లటి పొరగా మారుతుంది. ఏళ్ళ తరబడి అలా పేరుకున్న పొరే అట్టు అంటుకోకుండా చేస్తుంది, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. సబ్బు పెట్టి పీచుతో తోమితే ఆ పొర పోతుంది. మా ఇంట్లో దాన్ని వేడినీళ్ళతో కడిగి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి తడి ఆరేదాకా కాల్చి, సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దుతాం. రాత్రి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి మచ్చలు వస్తాయి, సముద్రం పక్కన మరీ త్వరగా. ఆ మచ్చలు కనబడ్డాయని పెనం పారేయనక్కరలేదు. గరుకు కాగితంతో రుద్ది, నూనె రాసి కాల్చి, నాలుగు రోజులు ఉల్లి అట్లు పోస్తే మళ్ళీ దారిలోకి వస్తుంది.

ఇత్తడి సంగతి వేరు. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు సామానుకు పేరుపడిన ఊరు. మా వైపు చాలా ఇళ్ళలో ఆ పని చూడవచ్చు. మా ఇత్తడి గిన్నెలో ఈనాటికీ పప్పు వండుతున్నాం, కానీ లోపల కళాయి, అంటే తగరపు పూత, ఉంటేనే. కళాయి లేని ఇత్తడిలో పులుసు గానీ మజ్జిగ గానీ పెడితే పులుపు రాగిని కరిగిస్తుంది. అది తినకూడదు. కళాయి వేస్తున్నప్పుడు ఒక్కసారి పక్కన నిలబడి చూడండి. గిన్నెను కొలిమి మీద తిప్పుతూ కాల్చి, లోపల నవాసాగరం పొడి చల్లుతారు. తెల్లటి పొగ గుప్పున లేస్తుంది, ఘాటుకు దగ్గు వస్తుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కడ్డీ ఆనించగానే నీటిబొట్టులా జారుతుంది. ఆలస్యం చేయకుండా దూదితో ఒక్క చుట్టు తిప్పితే పసుపుపచ్చటి లోపలి భాగమంతా క్షణంలో వెండిలా తెల్లబడుతుంది. ఆ పని చేసేవాళ్ళు మా వీధిలోకి రావడం బాగా తగ్గిపోయింది. గిన్నె గట్టిగానే ఉంది, కళాయి వేసే మనిషి దొరకకపోతే మాత్రం దాన్ని వాడలేం. పాత వస్తువుల విషయంలో నాకు నిజంగా దిగులు కలిగించేది ఇదే.

మామయ్యగారి చేతికి హెచ్.ఎం.టి. జనతా గడియారం ఉంటుంది. ఉద్యోగంలో చేరినప్పుడు కొన్నదట. రోజూ పూజ అయ్యాక కీ ఇస్తారు. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించినప్పుడు ఇక విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయని కంగారుపడ్డాం. వన్ టౌన్‌లో మాకు తెలిసిన వాచీ రిపేరు ఆయన పాడైన పాత గడియారాలు కొని, వాటి లోపలి భాగాలు తీసి ఇలాంటివాటికి వేస్తున్నారు. దాని నడకకు ఇప్పటికి లోటేమీ లేదు.

పాతదైతే చాలు, అన్నీ వాడాలని నేను అనను. ప్రెషర్ కుక్కరు ఎంత పాతదైనా ఫరవాలేదు గానీ గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వు పాతవి ఉంచకూడదు. రబ్బరు పగిలిన వైర్లున్న ఇస్త్రీపెట్టెలు, హీటర్లు ముట్టుకోకండి. సముద్రం దగ్గర ఉండేవాళ్ళు పాత సీలింగు ఫ్యాను గుండ్రంగా తిరుగుతోందని సరిపెట్టుకోకుండా పైనున్న కొక్కెం, రాడ్డు, బోల్టు తుప్పు పట్టాయేమో ఏటా ఒకసారి చూపించుకోండి. రంగు కింద తుప్పు కనబడదు. పాత ఫ్రిజ్జు మీద మాత్రం నాకు మమకారం లేదు, కరెంటు బిల్లు చూశాక అసలు లేదు.

ప్రశ్న అడిగినవారికి ఒక మాట: మీ అటక మీద కూడా కుట్టు మిషను ఉందని రాశారు కదా, ముందు దాన్ని దించండి. తిరగకపోతే బలవంతం చేయకండి. నూనె రంధ్రాలన్నిట్లో రెండేసి చుక్కల కిరోసిన్ వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఆడించండి. పాత జిగురు నల్లగా కరిగి కారుతుంది, శుభ్రంగా తుడవండి. తేలిగ్గా తిరగడం మొదలయ్యాక మిషను నూనె వేసి, సూది కొత్తది పెట్టండి. మొదట దారం లేకుండా కాసేపు తొక్కండి. తరవాత దారం ఎక్కించి ఏదైనా పాత చీర ముక్క మీద కుట్టి చూడండి. కింద ఉచ్చులు పడుతుంటే ముందు పై దారం సరిగా ఎక్కించారో లేదో చూసుకోండి, చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది. అయినా పడుతుంటే పై దారం బిగువు స్క్రూ కొద్దికొద్దిగా బిగించండి. కుట్టు రెండు వైపులా ఒకేలా వచ్చాకే మంచి బట్ట పెట్టండి.