కేజన్ చికెన్ గంబోకి ఆ ముదురు రంగు, రుచి ఇంట్లో ఎలా తేవాలి?

అమెరికాలోని లూయిజియానాలో ఫ్రెంచ్ మూలాలున్న కేజన్ల వంటలో గంబోకి (అన్నంతో తినే పులుసులాంటి కూర) ప్రాణం కారం కాదు, 'రూ', అంటే నూనెలో వేయించిన మైదా. అరకప్పు నూనెలో అరకప్పు మైదా వేసి, సన్నని సెగ మీద చాక్లెట్ రంగు వచ్చేదాకా కలుపుతూనే ఉండాలి. 30-45 నిమిషాలు పడుతుంది. ఫోన్ మోగినా గరిటె వదలొద్దు. నల్ల మచ్చలు కనిపిస్తే మాడినట్టే. పారబోసి మళ్లీ మొదలుపెట్టండి, ఆ చేదు ఏం వేసినా పోదు.

రంగు రాగానే తరిగిన ఉల్లి, సెలెరీ, క్యాప్సికం వేసి మగ్గించాలి. తర్వాత వెల్లుల్లి, కయెన్ కారం, థైమ్, ఆరు కప్పుల చికెన్ స్టాక్, వేయించిన చికెన్ తొడ ముక్కలు, దొరికితే ఆండూయీ (పొగబెట్టిన పంది మాంసం) సాసేజ్ వేయండి. గంటసేపు ఉడకనివ్వండి. కేజన్ పద్ధతిలో సాధారణంగా టమాటా వేయరు. పలచగా ఉందని టెన్షన్ పడొద్దు, రూ రంగు ముదిరేకొద్దీ పులుసుని చిక్కబరిచే గుణం దానికి తగ్గుతుంది. అన్నం విడిగా వండాలి. కలిపి వండితే అది జంబలాయా (బియ్యం కలిపి వండే లూయిజియానా వంటకం) దారి పడుతుంది.