పదేళ్ల ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేయించడం దండగా?

పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్ మీద మళ్లీ కొన్ని వేలు పెట్టి ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు స్థానంలో వేసే, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేయించడం దండగ కాదా, ఆ డబ్బును కొత్తదానికి దాచుకోవడం మేలు కాదా అని మీరు అడిగారు. దండగ కాదు. అయితే ముందుగా ఒక పరీక్ష చేయండి. యంత్రం మొరాయిస్తున్న సమయంలోనే విండోస్‌లో ఏ భాగం మీద ఎంత భారం ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ వాడకం పదో ఇరవయ్యో శాతం దగ్గర ఉండి, డిస్క్ మాత్రం నూరు శాతం చూపిస్తూ ఉంటే మీ రోగం డిస్కుదే. ప్రాసెసరే నూరు దగ్గర నిలబడిపోతే మాత్రం ఎస్‌ఎస్‌డీ వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

మా బావగారికి తెనాలిలో డీటీపీ సెంటరు (కంప్యూటర్‌లో పేజీలు కూర్చి ఇచ్చే చోటు) ఉంది. ఆయన 2013 నాటి ల్యాప్‌టాప్‌లో మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 చుట్లు తిరిగే 500 జీబీ హార్డ్ డిస్క్ ఉండేవి. మాఘమాసం ముహూర్తాలకు శుభలేఖల పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికే నిమిషాలు పట్టేది. ఫాంట్ల జాబితా మీద నొక్కితే, అందులోని వందలాది 'అను' తెలుగు ఫాంట్లు కనిపించేలోపు కస్టమరు ఫోను చూసుకుంటూ విసుక్కునేవాడు. అక్కడి రిపేరు షాపులో చూపిస్తే ప్రాసెసర్ పాతబడింది, కొత్తది కొనుక్కోండి అన్నారట. ఇక్కడే నాకు మనసు కష్టమవుతుంది. ఆయన బతుకుదెరువంతా ఆ యంత్రంలో అమరి ఉంది: 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుటు, ఏళ్ల తరబడి పోగుచేసుకున్న శుభలేఖల మూసలు. కొత్తది కొంటే అవన్నీ మళ్లీ మొదటి నుంచి అమర్చుకోవాలి. ఆ లెక్క ఏ షాపువాడూ వేయడు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు ఉన్న చోటే పట్టే రకం) ఒకటి, దాన్ని యూఎస్‌బీకి కలిపే కేబులు ఒకటి కొనుక్కుని తెనాలి వెళ్లాను. 480 జీబీది చవగ్గా ఇస్తామన్నా నేను 500 జీబీదే అడిగి తీసుకున్నాను, ఎందుకంటే డిస్కులను నకలు తీసే క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో ఉన్నదున్నట్టుగా నకలు తీయాలంటే కొత్త డిస్కు పాతదానితో సమానంగానో అంతకంటే పెద్దగానో ఉండాలి. రాత్రి సెంటరు మూశాక పెన్‌డ్రైవ్‌తో క్లోన్‌జిల్లా మొదలుపెట్టాను. బావగారు ఇంటికి వెళ్లకుండా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఒక్క ఫైలు పోయినా నా సీజను పోయినట్టే" అని ఆయన అంటే, "పాత డిస్కును మనం చదవడమే గాని దాని మీద ఏమీ రాయడం లేదు బావగారూ, ఏది తేడా వచ్చినా దాన్నే తిరిగి బిగించేస్తాను" అన్నాను. అర్ధరాత్రి దాటాక నకలు పూర్తయింది. బ్యాటరీ తీసి, అడుగున మూత విప్పి, డిస్కు మార్చి, మీట నొక్కాను. ఆయన డెస్క్‌టాప్ మీద ఏ ఐకాన్ ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది. పేజ్‌మేకర్ తెరిచి, చివరగా చేసిన శుభలేఖ తీసి, ఫాంట్ల జాబితా మీద నొక్కగానే మొత్తం ఒక్కసారిగా పరుచుకుంది. బావగారు దాన్ని మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశారు.

ఇంత తేడా ఎందుకంటే, ఆ హార్డ్ డిస్కులో హెడ్ జరిగి, కావలసిన భాగం తిరిగి దాని కిందికి వచ్చేసరికే సుమారు 15 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి ఆ పని మిల్లీసెకనులో పదో వంతు. విండోస్ మొదలవడమంటే అలాంటి చిన్న చిన్న చదువులు వేల సంఖ్యలో జరగడమే. కాబట్టి పెట్టె మీద వేసే సెకనుకు 550 ఎంబీ అంకె చూసి మురిసిపోనక్కర్లేదు, పాత సాటా 2 పోర్టు అందులో సగమే ఇస్తుందని దిగులుపడనూ అక్కర్లేదు. అలాగే ఎన్‌వీఎమ్ఈ (వేరే స్లాటులో పట్టే మరో రకం ఎస్‌ఎస్‌డీ) ఇంకా వేగమని ఎవరైనా అంటగట్టబోతే, మీ యంత్రంలో దానికి స్లాటు ఉందో లేదో చూడకుండా కొనకండి. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉండదు. ర్యామ్ 4 జీబీయే అయితే 8కి పెంచండి, కానీ మీ ర్యామ్ రకం డీడీఆర్3నా, తక్కువ వోల్టేజీతో నడిచే డీడీఆర్3ఎల్‌నా అన్నది చూసి మరీ తీసుకోండి.

షాపులో వేయించుకుంటే మాత్రం ఫార్మాట్ చేయనివ్వకండి. డిస్కు మార్చడమంటే విండోస్ కొత్తగా వేయడమేనన్న అలవాటు మన రిపేరు షాపుల్లో పాతుకుపోయింది. లోపల ఏముందని అడిగేవాడు అరుదు. క్లోన్ చేసి, అంటే ఉన్నదున్నట్టు నకలు తీసి, ఇమ్మని గట్టిగా చెప్పండి. దానికంటే ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పాత డిస్కు ఆరోగ్యం చూడండి. అది పసుపు రంగు చూపిస్తే క్లోనింగ్ సంగతి తర్వాత, ముఖ్యమైన ఫైళ్లను ఆ క్షణమే వేరేచోటికి ఎక్కించండి.

విండోస్ 10కు సాధారణ మద్దతు (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది కదా అని మీరు అనవచ్చు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలని, ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలని పెట్టిన షరతు బాగా పనిచేసే ఎన్నో యంత్రాలను చెత్తబుట్టకు నెట్టిందనే నా అభిప్రాయం. డీటీపీ పని ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది, అందుకే బావగారి యంత్రానికి వైఫై తీసేశాం. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్ మీదే వెళతాయి. మీకు బ్రౌజరే ప్రధానమైతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. ఏది చేసినా, తీసిన పాత డిస్కును వెంటనే చెరిపేసి వాడేసుకోకుండా కనీసం ఒక నెల పక్కన పెట్టి ఉంచండి.