ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయిపోయింది కదా అని డెక్ మొదలెట్టేయకు

ఒరేయ్ చిన్నా,

ఫొటోలు చూశాం, ఇల్లు చాలా బాగుంది. వెనకాల ఆ స్లైడింగ్ డోర్ చూసి మీ అత్తయ్య ఒకటే నవ్వు, తలుపు తీస్తే అవతల ఏమీ లేదు, అడ్డంగా ఓ రెయిలింగ్ బిగించేసి బిల్డర్ చేతులు దులుపుకున్నాడు. షికాగో పక్కన మీ నేపర్‌విల్ వైపు కొత్త ఇళ్ళలో ఇది మామూలేలే. కానీ ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయిపోయి ఇంట్లో దిగొచ్చని సిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా వచ్చేసింది, ఇంక సిటీ వాళ్ళతో పన్లేదు, గృహప్రవేశంలోపు ఆ తలుపు బయట డెక్, అదే చెక్క అరుగు, వేయించేస్తా అన్నావు చూడు, అక్కడ ఆగు. ఆ సర్టిఫికెట్ ఆరోజుకి ఉన్న ఇంటికే. డెక్‌కి పర్మిట్ వేరు, ఇన్‌స్పెక్షన్లు వేరు. గుంటలు తవ్వాక కాంక్రీట్ పొయ్యకముందే వాళ్ళొచ్చి చూడాలి, తర్వాత ఫ్రేమింగ్ అంటే చెక్క చట్రం, చివర్న మళ్ళీ ఫైనల్. హెచ్‌ఓఏ, అంటే మీ కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం, ఉంటే వాళ్ళ అప్రూవల్ ఇంకోటి.

నా మొదటి ఇంటి సంగతి చెప్తా, మీ అమ్మకి కూడా తెలీదు. పర్మిట్ ఎందుకులే అని ఓ హ్యాండీమ్యాన్‌తో రెండు వీకెండ్లలో కొట్టించేశాను. లెడ్జర్ అని డెక్‌ని ఇంటికి పట్టి ఉంచే పొడుగాటి చెక్క ఉంటుంది, అతను దాన్ని సైడింగ్, అంటే గోడ పైతొడుగు, మీదనుంచే మేకులతో దిగ్గొట్టేశాడు, పైన నీళ్ళు లోపలికి దిగకుండా పెట్టే ఫ్లాషింగ్ రేకు కూడా లేదు. చూట్టానికి దిట్టంగానే ఉండేది. ఆరేళ్ళకి బేస్‌మెంట్‌లో ఓ మూల ముక్కిన వాసన మొదలైతే సీలింగ్ టైల్ తీసి చూశా, లెడ్జర్ వెనకుండే ఇంటి అంచు దూలం, రిమ్ జాయిస్ట్ అంటారు, నల్లగా ఉంది, స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే ఉడకబెట్టిన చిలగడదుంపలోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. అంతకుముందు వారమే ఆ డెక్ మీద పాతికమందికి భోజనాలు పెట్టాం రా. ఇప్పటికీ తల్చుకుంటే కాళ్ళు వణుకుతాయి.

అందుకే కాంట్రాక్టర్‌ని ముందు లెడ్జర్ గురించే అడుగు. సైడింగ్ తీసి, అరంగుళం లావు బోల్టులు గానీ లాగ్ స్క్రూలనే లావుపాటి స్క్రూలు గానీ వేసి, పైన ఫ్లాషింగ్ పెడతానంటేనే మాట్లాడు. మీ వెనక గోడకి ఇటుక ఉంటే అది పైపై ముస్తాబే, బరువు మొయ్యదు, అప్పుడు ఇంటికి తగిలించకుండా సొంత స్తంభాల మీద నిలబడే డెక్ వేయించుకో.

ఇంకోటి, మీ వైపు మంచుకి నేల గడ్డకట్టి స్తంభాల్ని పైకి తోసేస్తుంది కాబట్టి ఫుటింగ్, అంటే స్తంభం కింద కాంక్రీట్ పునాది, కనీసం 42 అంగుళాల లోతుండాలి. కొత్తింటికి అదీ చాలదు, ఎందుకంటే బేస్‌మెంట్ గోడ పక్కనున్నది తవ్వి మళ్ళీ పోసిన మట్టి, కొన్నేళ్ళపాటు కుంగుతూనే ఉంటుంది. గోడ దగ్గర స్తంభం వస్తే గట్టినేల తగిలేదాకా తవ్వాల్సిందే. తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యి, నేలలో పైపులూ వైర్లూ ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించే సర్వీసు అది, ఇల్లినాయ్‌లో జూలీ అంటారు, ఫ్రీ. గ్యాస్‌కి పసుపు, కరెంట్‌కి ఎరుపు రంగు గీతలు వేసిపోతారు. నీ స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్ళు చూపించరు, అది నువ్వే చూస్కోవాలి.

రెయిలింగ్ 36 అంగుళాలకి తగ్గకూడదు, సందుల్లోంచి నాలుగంగుళాల బంతి దూరకూడదు, చంటిది పాకుతోంది కదా. చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే కాంపోజిట్ పలకలు వేయిద్దామని ఉంటే ముందు ఓ ముక్క తెచ్చి జూలై ఎండలో పెట్టి వట్టికాళ్ళతో నిలబడి చూడు, మనం చెప్పుల్లేకుండా తులసికోట దగ్గరికెళ్ళే బాపతు. బిల్డర్ వారంటీ ఇంకా నడుస్తోంది కాబట్టి గోడకి కన్నాలు పెట్టేముందు వాళ్ళకో ఈమెయిల్ కొట్టి, ఏమేం కవర్ అవుతాయో రాతలో తీసుకో, గోడకి ఫొటోలు కూడా తీసిపెట్టుకో.

గృహప్రవేశానికి గరాజ్‌లో టేబుళ్ళు వేద్దాంలే, వంట సంగతి అత్తయ్య చూసుకుంటానంది. ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ కాయితాల్లో ప్లాట్ సర్వే, అంటే స్థలం కొలతల పటం, ఉంటుంది, అది స్కాన్ చేసి ఇవాళే పంపు, ఈజ్‌మెంట్ గీత, అంటే పైపులూ వైర్లవాళ్ళకి వదలాల్సిన జాగా హద్దు, ఎక్కడుందో చూసి డెక్ ఎంత వెడల్పు పడుతుందో రాత్రికి ఫోన్ చేస్తా.

మీ మావయ్య