నాగార్జునకొండ దీవిలో చూపించేవి అసలు కట్టడాలేనా?

దీవిలోని స్తూపాలు, విహారాలు అసలువా లేక తర్వాత కట్టినవా, పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకేమైనా అర్థమవుతుందా అని అడిగారు. మాది మాచర్ల వైపు. చుట్టాలు ఎప్పుడొచ్చినా వాళ్లను లాంచీ ఎక్కించి చూపించుకు రావడం నా వంతే కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

కొన్ని అసలువే, కానీ అసలు చోట లేవు. ఇప్పుడు దీవిగా మిగిలిన కొండ మీద మొదట్నుంచీ ఉన్నవి తర్వాతి కాలపు కోట గోడల్లాంటివే. అక్కడ మీరు చూసే ఇక్ష్వాకుల (క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్కడ ఏలిన రాజవంశం) నాటి కట్టడాలు అక్కడివి కావు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కింద లోయలో, కృష్ణ ఒడ్డున ఉండేది. ఆ శిథిలాలు 1926లో పురావస్తు శాఖ కంటబడ్డాయి. 1927 నుంచి 1931 దాకా ఆ శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. తర్వాత నాగార్జునసాగర్ డ్యామ్ వస్తుందని తేలడంతో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. డ్యామ్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరులో. అంటే ఒక పక్క డ్యామ్ పని, ఇంకో పక్క తవ్వకాలు! రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు గుళ్ల దాకా ఎన్నో బయటపడ్డాయి. వాటిలో తొమ్మిది కట్టడాలను విప్పి తెచ్చి, దీవిలో కొన్ని, ఒడ్డున అనుపులో కొన్ని తిరిగి కట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు చేశారు. మిగతాదంతా నీళ్ల కిందే ఉంది.

వేరే చోట్ల అనుమానం వస్తే ఇంకో తరం వాళ్లు మళ్లీ తవ్వి చూసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. అప్పట్లో రాసుకున్న నోట్సు, తీసిన ఫొటోలు, తెచ్చిన రాళ్లే ఆధారం. ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం, చరిత్రకు ముందు కాలానిది, 1975లో వచ్చింది. ఇక్ష్వాకుల కాలం గురించిన రెండో సంపుటం 2006లో గానీ రాలేదు. అంత ఆలస్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. తవ్వినవాళ్లలో ఎంతమంది దాన్ని చూసి ఉంటారు?

దీవిలోని మ్యూజియంలోకి వెళ్లగానే అందరూ బుద్ధ విగ్రహం దగ్గర ఫొటోలకు ఎగబడతారు. మీరు మాత్రం ముందు మునగక ముందటి లోయ నమూనా ఎక్కడుందో అడిగి, పిల్లల్ని దాని చుట్టూ నిలబెట్టండి. కొండ ఇది, నది ఇది, ఊరు ఇక్కడ, విహారాలు అక్కడ అని చూపిస్తే చాలు, బయట చూసిన ఇటుకలకు అర్థం వస్తుంది.

తర్వాత శాసనాల దగ్గర కాసేపు ఆగండి. లేత బూడిద రంగు పలనాటి రాయి మీద ప్రాచీన లిపి బ్రాహ్మీలో అక్షరాలు. నిలువు గీతలు బాగా కిందికి సాగి, చివర సొగసుగా వంపు తిరిగి ఉంటాయి. చెక్కినవాడు ఎంత తీరిగ్గా చెక్కాడో కనిపిస్తుంది. అక్కడి శాసనాల్లో ఎక్కువగా వినబడేది ఆడవాళ్ల పేర్లు. చాంతమూలుడు వైదిక యాగమైన అశ్వమేధం చేసిన ఇక్ష్వాకు రాజు. ఆయన సోదరి చాంతిశ్రీ మాత్రం బౌద్ధ మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని, నిలబెట్టింది. చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్లను చేసుకున్నాడు. మేనరికం అనగానే మా పిల్లలు ఒక్కసారిగా చెవులు రిక్కించారు, రాజులు వాళ్లకు మనుషుల్లా కనబడ్డారు. బోధిశ్రీ అనే ఉపాసిక (సన్యసించని బౌద్ధ భక్తురాలు) రాజకుటుంబం మనిషి కూడా కాదు. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం (స్తూపం ఉండే ప్రార్థనా మందిరం) కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం పేర్లు కూడా ఉన్నాయి.

లాంచీలో ఎవరో ఒకరు, బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇక్కడే విశ్వవిద్యాలయం నడిపాడని గట్టిగా చెబుతారు. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను, కొండకు పేరే ఆయనది. కానీ లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో ఆయన పేరు లేదు. జగ్గయ్యపేటలో దొరికిన తర్వాతి కాలపు శాసనం ఒకటి నాగార్జునాచార్యుల శిష్యపరంపరను చెబుతుంది. ఈ తేడా పిల్లలకు చెప్పండి. ఏది విన్నాం, ఏది రాయి మీద ఉంది అని విడదీసుకోవడం ఇక్కడికంటే బాగా ఇంకెక్కడా నేర్పలేం.

నాకున్న పెద్ద అసంతృప్తి ఇంకొకటి. పదిహేడు వందల ఏళ్ల కిందటి మనుషుల గురించి అన్ని బోర్డులున్నాయి గానీ, 1960ల దాకా అదే లోయలో ఉండి, పొలాలు ఇళ్లు వదిలి వెళ్లినవాళ్ల గురించి నేను చూసినంతలో దాదాపు ఏమీ లేదు. మా ముసలివాళ్లు దీవి వైపు చూసినప్పుడు విజయపురి గురించి మాట్లాడరు, మునిగిన చింతచెట్ల గురించి మాట్లాడతారు. వాళ్ల మాటలు రికార్డు చేసి ఆ నమూనా పక్కనే వినిపిస్తే ఎంత బాగుంటుంది! ఇప్పటికే ఆలస్యమైంది.

అనుపును మాత్రం వదలకండి. ఇక్ష్వాకుల నాటి రంగస్థలం అక్కడే ఉంది. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూడమనండి. లాంచీ వాళ్లు దీవిలో ఇచ్చే టైము గంటో గంటన్నరో, అది చాలదు. పొద్దున మొదటి లాంచీకి ఒడ్డునున్న ఇప్పటి ఊరు విజయపురి సౌత్‌లో ఎక్కి, తిరిగొచ్చాక ఆటోలో అనుపు వెళ్లండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. గాలి ఎక్కువున్న రోజుల్లో లాంచీలు ఆపేస్తారు, బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి.