అత్తగారి సామాను కదలనివ్వడం లేదు

ప్రశ్న: అత్తగారు పోయి ఏడు నెలలైంది. మాంబళంలో పాత ఇల్లు ఖాళీ చేసి వేళచ్చేరిలో చిన్న ఫ్లాటుకు మారుతున్నాం. ఆవిడ చీరలు, ఇత్తడి సామాను, ఉత్తరాలు ఒక్కటీ తీయనివ్వరు మావారు. ఇద్దరు ఆడపడుచులూ అడుగుతున్నారు. రోజూ గొడవే. – ఒక సోదరి, చెన్నై

జవాబు: ‘ఉంచుదామా, తీసేద్దామా’ అని అడగడం మానేయండమ్మా. ఆ మాట మీవారికి ‘అమ్మను మరిచిపోదామా’ అన్నట్టే వినపడుతుంది. ‘ఇది ఎవరు కొన్నారు, అత్తయ్య దేనికి వాడేవారు’ అని అడగండి. రోజుకు ఒక్క అర, గంటకు మించొద్దు. ఆయన చెప్పేది ఫోన్లో రికార్డు చేయండి. చెప్పడానికేమీ లేని వస్తువులు ఏవో ఆయనకే తెలిసిపోతుంది. ఆయన ఆఫీసుకెళ్లినప్పుడు మాత్రం ఏదీ బయట పెట్టకండి. ఆ గాయం ఏళ్లు గడిచినా మానదు.

ఇత్తడి గిన్నెల అంచులు చూడండి. సారె సామాను మీద పేరు, పెళ్లి తేదీ చెక్కించడం మనవాళ్ల అలవాటు. పాత సామాను కొట్లో అవి వట్టి తూకానికే పోతాయి. పేరున్నవి ఉంచుకోండి, వాడండి కూడా. చింతపండుతో మెత్తగా తోమాలి. ఇసుకో ఇనప పీచో వేసి రుద్దితే అక్షరాలు అరిగిపోతాయి. కళాయి వేయించకుండా పులుసు కాచొద్దు.

పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లలో పెడితే చెన్నై చెమ్మకు బూజు పడుతుంది. ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది. మూడు నెలలకోసారి నీడలో ఆరబెట్టి మడత మార్చకపోతే మడత దగ్గరే చిరుగుతాయి. ప్రతి చీరలో దాని కథ రాసిన కాగితం పెట్టండి, పిన్ను గుచ్చొద్దు. ఉత్తరాలకు లామినేషన్ చేయించకండి, మళ్లీ ఊడదీయలేరు.

ఏది ఇచ్చేయాలన్నా ముందు చీర మడతలు, డబ్బాల అడుగులు వెతకండి. పెద్దవాళ్లు డబ్బు, చీటీలు అక్కడే దాస్తారు.

మీవారికి నిద్ర పట్టకపోయినా, పనికి వెళ్లలేకపోతున్నా అది సామాను గొడవ కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి, ఉచితం.

పంపకం సంవత్సరీకం దాకా ఆపండి. అప్పటిదాకా అన్నీ ఒక ట్రంకుపెట్టెలో, ఒక బీరువా అరలో సర్దండి. ఆడపడుచులు వచ్చినప్పుడు తలా ఒకటి వంతులవారీగా ఎంచుకోవాలి. మొదటి వంతు మీవారిది. మీకూ ఒక వంతు అడగండి, ఆవిడతో కాపురం చేసింది మీరూ కదా.