ప్లవకం కృత్రిమమా? వైవిధ్యత ఒప్పా?

సందేహం: తీరప్రాంత జలాల గురించిన ఒక వ్యాసంలో 'నీటి నాణ్యత దెబ్బతినడంతో వృక్ష ప్లవకాలు విపరీతంగా పెరిగి, వాటి వైవిధ్యత తగ్గింది' అని చదివాను. పెరిగినప్పుడు వైవిధ్యం తగ్గడమేమిటి? 'వైవిధ్యత' ఒప్పేనా? 'ప్లవకం' అనే మాట కృత్రిమంగా ఉంది. 'తేలే నాచు' అంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు

సమాధానం: వృక్ష ప్లవకాలంటే నీటిలో తేలుతూ, మొక్కల్లా వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులు. ముందు 'ప్లవకం' సంగతి చూద్దాం. అంత చక్కని మాటను కృత్రిమం అనడం నాకు కష్టంగా ఉంది. 'ప్లు' ధాతువుకు, సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం గమనం అని అర్థం చెప్పింది. వాడుకలో అది తేలడం, ఈదడం, దూకడం దాకా వెళ్ళింది. తేలుతుంది కాబట్టి తెప్ప ప్లవం. 'ఉడుపం తు ప్లవః కోలః' అని తెప్ప పేర్లు చెప్పిన అమరకోశకర్త అమరసింహుడే కప్ప పేర్లలోనూ 'ప్లవ'ను చేర్చాడు. దూకుతుంది కాబట్టి కోతి ప్లవంగం. వ్యాకరణంలో మూడు మాత్రల అచ్చు ప్లుతం. పై సూత్రంలోని పదం నడుమ ఉన్న సూత్రాలను వదిలేసి కిందికి దూకితే మండూకప్లుతి, అంటే కప్పగంతు. యజ్ఞాలు గట్టివి కాని తెప్పలని ముండకోపనిషత్తు 'ప్లవా హ్యేతే అదృఢాః' అంది. విప్లవం కూడా ఈ ధాతువు సంతానమే.

విక్టర్ హెన్సెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1887లో గ్రీకు నుంచి 'ప్లాంక్టన్' అనే పేరు తీశాడు. దానికి మన మాటే ప్లవకం. కొట్టుకుపోతూ తిరిగేది అని ఆ గ్రీకు మాట భావం. రెండింట్లోనూ 'ప్ల' ఉంది కదా అని ఒకే మూలం అనుకోకండి. గ్రీకులో మన 'ప్లు'కు చుట్టం వేరే ఉంది: ఓడలో సాగడం అనే అర్థమున్న 'ప్లేయో'. అయినా అర్థంలో ప్లవకం అతికినట్టు సరిపోయింది. ప్లవకాల్లో డైనోఫ్లాజెల్లేట్ల వంటి ఏకకణ జీవులు కశాభాలతో, అంటే కొరడాల్లాంటి సన్నని పోగులతో, కొంత ఈదుతాయి కానీ ప్రవాహాన్ని ఎదిరించలేవు. తేలడం, ఈదడం రెండూ 'ప్లు'లో ఇమిడే ఉన్నాయి. నాచు అంటే కంటికి కనిపించే పచ్చని తెట్టు గుర్తొస్తుంది. ఈ జీవులు చాలావరకు సూక్ష్మదర్శినిలో తప్ప కనబడవు.

ఇక పెరగడం, వైవిధ్యం. పెరిగేది రాశి. వైవిధ్యమంటే ఎన్ని జాతులున్నాయి, ఏ జాతి వాటా ఎంత అన్నది. మురుగు, ఎరువులు తీరపు నీటిలోకి నైట్రేట్లను, ఫాస్ఫేట్లను తెస్తాయి కానీ వాటితోపాటు సిలికా ఆ మేరకు రాదు. డయాటమ్‌లనే వృక్ష ప్లవకాలు పెంకు కట్టుకోవాలంటే సిలికా కావాలి. అది అయిపోతే వాటి పెరుగుదల ఆగుతుంది, సిలికా అక్కర్లేనివి ఆ చోటు ఆక్రమిస్తాయి. నీరు రంగు మారేంతగా కణాలు నిండినా, వాటిలో చాలావరకు ఒకటి రెండు జాతులవే కావచ్చు. క్లోరోఫిల్ కొలిస్తే రాశి తెలుస్తుంది, జాతుల లెక్క తెలియదు. బురద వల్ల వెలుతురు తగ్గినా, నదీముఖంలో ఉప్పదనం మారినా జాతుల కూర్పు మారుతుంది.

కాబట్టి ఆ వాక్యంలో భావం సరైనదే. నాకు నచ్చనిది 'నాణ్యత దెబ్బతినడం'. నాణెం అసలుదో నకిలీదో తేల్చినట్టు నీటికి ఒకే తీర్పు చెప్పడం కుదరదు. ఒక జాతిని ఆపిన నీరే మరో జాతిని పెంచుతుంది. నైట్రేట్ పెరిగిందా, ఉప్పదనం తగ్గిందా, నీరు మసకబారిందా? ఆ ముక్క రాయడానికి ఇప్పటి రచయితలకు ఇంత బద్ధకం ఎందుకో!

'వైవిధ్యత' విషయానికొస్తే, 'వివిధ' నుంచి వైవిధ్యం వచ్చాక దానిమీద మళ్ళీ 'త' ఎందుకు? వివిధత అనండి, లేదా వైవిధ్యం అనండి. ప్రాధాన్యత, ప్రాముఖ్యత కూడా ఇలాంటివే. అవి మాటల్లో బాగా పాతుకుపోయాయి, వాటిని తప్పుపట్టి ఎవరినీ ఆపలేం. రేపు వైవిధ్యతను కూడా నిఘంటువులు ఒప్పుకుంటాయేమో. నేనైతే రాయను. మీరూ రాయకపోతే సంతోషిస్తాను.