‘దేవుడు నన్ను క్షమించాడు’ అంటూ బాకీ ఎగ్గొడితే నేనూ క్షమించాల్సిందేనా?

మీరు అడిగింది ఇది: సంఘంలోని సహోదరుడే ప్రోనోటు రాసి 50,000 తీసుకున్నాడు, రెండేళ్లయింది. అడిగితే ‘యేసయ్య రక్తం నా పాపాలన్నీ కడిగేసింది, మీరూ క్షమించండి’ అంటున్నాడు. వాక్యం ప్రకారం ఊరుకోవాలా?

ఊరుకోనక్కర్లేదు. అతను యేసు బలి పేరు చెప్పుకుంటున్నాడు గానీ పాత నిబంధనలో బలి ఎలా అర్పించేవారో చూడలేదు.

లేవీయకాండము 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు తీయండి. నమ్మి అప్పగించిన సొమ్ము గురించి బొంకినవాడు, దోచుకున్నవాడు, దొరికిన వస్తువు దొరకలేదని ఒట్టేసినవాడు అక్కడ కనిపిస్తారు. పొరుగువాడి సొమ్ము తింటే అది యెహోవాకు చేసిన ద్రోహమనే మాటతోనే ఆ భాగం మొదలవుతుంది. అసలు మొత్తానికి అయిదో వంతు కలిపి సొంతదారుడికి ఇవ్వాలి. మీ లెక్కలో 60,000. అదీ అపరాధ పరిహారార్థబలి అర్పించే రోజునే. నిర్దోషమైన పొట్టేలు, యాజకుడు చేసే ప్రాయశ్చిత్తం, క్షమాపణ అన్నీ ఆ తర్వాతి వచనాల్లో వస్తాయి. సొమ్ము ఇంట్లో దాచుకుని పొట్టేలు ఒక్కటి తోలుకొస్తే కుదిరేది కాదు.

క్రీస్తు ఒక్కసారే అర్పించబడ్డాడు గనుక ఇక పొట్టేలు అక్కర్లేదు, హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయం చెప్పేది అదే. ఆ అయిదో వంతును కూడా ఈరోజు ఎవరిమీదా చట్టంగా రుద్దలేం. కానీ అసలు తిరిగివ్వాల్సిన బాధ్యత ఎక్కడా కొట్టుకుపోలేదు. లూకా 19లో సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాకే యేసు నోట ‘నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది’ అన్న మాట వచ్చింది. మత్తయి 5:23-24లో అర్పణను బలిపీఠం ముందే వదిలి వెళ్లమన్నది కూడా అవతలివాడికి తనమీద ఫిర్యాదు ఉన్నవాణ్ణే. దీన్ని తిప్పి, నష్టపోయినవాడికి చదివి వినిపించడం మన సంఘాల్లో తరచూ జరిగే పొరపాటు. ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు తన్ను తాను పరీక్షించుకోవాల్సింది బాకీ ఉన్న మనిషి.

ఇప్పుడు మీ వైపు చూద్దాం. మత్తయి 18లో యేసు చెప్పిన ఉపమానంలో రాజు తన దాసుడికి 10,000 తలాంతుల అప్పు మాఫీ చేశాడు. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే ఆరు కోట్ల రోజుల కూలి! ఆ దాసుడు తోటివాడి గొంతు పట్టుకున్నది 100 దేనారాలకు. రాజు మాఫీ చేశాక ఆ సొమ్ము గాల్లో కలిసిపోలేదు, నష్టం రాజు ఖజానాకే పడింది. సిలువను నేను ఇలాగే అర్థం చేసుకుంటాను: క్షమించినవాడే నష్టం భరించాడు. అందుకే మాఫీ మాట అప్పిచ్చినవాడి నోట రావాలి, తీసుకున్నవాడు తనంతట తాను ప్రకటించుకునేది కాదు. మనసులో పగ వదిలెయ్యడం మాత్రం అతను డబ్బు ఇచ్చేదాకా ఆగకూడదు.

చెయ్యాల్సిన పని అదే అధ్యాయం 15వ వచనం నుంచి ఉంది. ముందు ఒంటరిగా కలవండి, మొత్తం ఎంతో, ఏ తేదీకి ఇవ్వాలో చెప్పండి. వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో వెళ్లండి, ఆ తర్వాతే సంఘపెద్దల దగ్గరికి. చాలా రాజీలు ఇక్కడే చెడతాయి: అంకె మాట్లాడకుండా ప్రార్థన చేయించి చేతులు కలిపించి పంపేస్తారు, నెల తిరిగేసరికి గొడవ మళ్లీ మొదటికొస్తుంది. 1 కొరింథీయులకు 6వ అధ్యాయంలో పౌలు కోర్టుకెక్కొద్దంటూనే, తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో లేడా అని అడిగాడు. అన్యాయం చేస్తున్నవాళ్లనూ అక్కడే గద్దించాడు.

నోటు సంగతి మరవకండి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లకు కాలదోషం పడుతుంది, అంటే దావా వేసే గడువు తీరిపోతుంది. ఈలోగా కొంతైనా కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి తేదీతో సంతకం తీసుకుంటే గడువు అక్కణ్ణుంచి మళ్లీ మొదలవుతుంది. అతనికి నిజంగానే గతిలేదని తేలి వదిలెయ్యాలనిపిస్తే, పెద్దల ముందు నోటు చించి అతని చేతికివ్వండి. ఆ తర్వాత ఆ ఊసు ఇంట్లో కూడా ఎత్తకండి.